నూరున్నీసా మేడమ్ ఒప్పుకున్న తప్పు

మొన్న బస్టాండు ఎదురుగా ఆటో కోసం నిలబడి ఉంటే, పక్కన ఇద్దరు మనుషులు కొత్త ఫ్లెక్సీ చుట్ట విప్పి కరెంటు స్తంభానికి కడుతున్నారు. ఎండకు ఆ రంగు వాసన గుప్పున కొట్టింది. కిరోసిన్ వాసన కాదు, పెయింటు వాసనా కాదు. గొంతులో ఒక మూల చేదుగా అంటుకునే వాసన. తిరుపతిలో ఫ్లెక్సీ లేని వీధి లేదు గానీ, అప్పుడే విప్పిన ఫ్లెక్సీ వాసన వేరు. కాసేపటికే ఎండ దాన్ని తినేస్తుంది. ఆటో వచ్చింది, డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను అక్కడే ఉండిపోయాను. ఒకప్పుడు రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ వాసనలోనే పనిచేశాను. నూరున్నీసా మేడమ్ ఆఫీసు ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం పైన ఉండేది.

ఆమె మీకు తెలియదు. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు, అదీ ఒకే ఒక్క సంగతితో. ఈ చుట్టుపక్కల వ్యాపారాలకు ఆన్‌లైన్లో ప్రచారం చేసిపెట్టేవాళ్ళ మధ్య ఆమె పేరెత్తితే, "ఓ, ఆ అవ్వ పోస్టు పెట్టినామెనా?" అంటారు. ఆ పోస్టు ఆమె పెట్టలేదు. ఇంత సూటిగా ఈ మాట నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. అయితే ఆ పోస్టు గురించి చెప్పే ముందు మనిషి గురించి చెప్పాలి. లేకపోతే నేనూ తక్కినవాళ్ళలాగే ఆమెను ఒక పోస్టు కిందికి కుదించినట్టవుతుంది.

ఆమెది చిత్తూరు. వాళ్ళ నాయనకు అక్కడ ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. తిరుపతిలో ఒక పత్రిక ప్రకటనల విభాగంలో చాలాకాలం పనిచేసి, జనం పేపరు వదిలి ఫోను పట్టుకున్నాక సొంతంగా ఆఫీసు పెట్టింది. లాడ్జీలు, మిఠాయి దుకాణాలు, పళ్ళ డాక్టర్లు, చీరల షాపులు, ఇలాంటివాళ్ళ పేజీలు నడపడం, వీడియోలు తీయించడం, ఎవరైనా చెడ్డగా రాస్తే జవాబివ్వడం, పేపర్లవాళ్ళతో, ఛానెళ్ళవాళ్ళతో మాట్లాడడం. కార్డు మీద 'పబ్లిక్ రిలేషన్స్' అని ఉండేది. అదేం పని అని ఎవరైనా అడిగితే, "ఒకరి పేరు ఇంకొకరు మోసే పని" అనేది. నేను దాన్ని ఒక చమత్కారం అనుకునేదాన్ని.

నేను పలమనేరు నుంచి వచ్చాను. మా ఇంట్లో పాల వ్యాపారం. జర్నలిజం చదివి, చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, ప్రకటన చూసి ఆ ఇరుకు మెట్లెక్కాను. చేతిలో ఫైలు నిండా సర్టిఫికెట్లు. ఆమె ఫైలు ముట్టుకోలేదు. కాటన్ చీర, తలమీద కొంగు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. పైనుంచి కిందికి నన్ను ఒకసారి చూసి, "నువ్వంటే పడనోళ్ళు మీ ఊర్లో ఎవరన్నా ఉండారా?" అని అడిగింది. బిత్తరపోయాను. ఇంటర్వ్యూలో అడిగే మాటేనా అది!

"ఉన్నారు మేడమ్."

"వాళ్ళు నీ గురించి ఏమంటారు?"

"నోటి దురుసు పిల్ల అంటారు."

"అబద్ధం చెప్తా ఉండారా?"

కాసేపు గోడ చూసి, "లేదు మేడమ్" అన్నాను. ఆమె నవ్వి, "సోమవారం నుంచి రా. తన మీద పడే మాట ఏందో తెలిసినోళ్ళకే ఈ పని నేర్పించొచ్చు" అంది. నా సర్టిఫికెట్లు అలాగే చంకలో పెట్టుకుని కిందికి దిగాను.

ఆమె దగ్గర మొదట నేర్చుకున్నది ఫోను బయటికి తీయకపోవడం. కొత్త క్లయింటు వస్తే మొదటి రోజంతా వాళ్ళ అంగట్లో ఊరికే కూర్చోవాలి. ఫోటో తీయకూడదు, రాసుకోకూడదు. వాళ్ళు గిరాకీతో ఎలా మాట్లాడతారో, గిరాకీ వెళ్ళిపోయాక ఎలా మాట్లాడతారో వినాలి. ఒక లాడ్జి యజమాని 'ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు' అని పేజీలో రాయమన్నాడు. మేడమ్ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్ళి, ఖాళీ గదిలో కుళాయి తిప్పింది. చన్నీళ్ళు. మర్నాడు పేజీలో 'ఉదయం పూట వేడినీళ్ళు' అని ఉంది. అతను ఎగిరెగిరి పడ్డాడు. "కుళాయి తిప్పేది గదిలో దిగినోళ్ళు గదప్పా, మనం కాదే" అని ఆమె టీ తాగుతూనే అంది. ఆ లాడ్జి పేజీ చాలాకాలం మా దగ్గరే ఉంది.

చిత్తూరు నుంచి పూతలపట్టు పోయే దారిలో ఒక గానుగ నూనె మిల్లు కూడా మాకు క్లయింటు. యజమాని చెంగల్రాయ శెట్టి. తినే నూనె, దీపానికి వాడే నూనె, రెండూ తీసేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు ఒకదాన్ని 'వంట' అనీ, రెండోదాన్ని 'దీపం' అనీ అనుకునేవాళ్ళు. "దీపం ఎంత పోయింది?", "దీపం ఎక్కించినారా బండికి?" ఇలాగే ఉండేవి వాళ్ళ మాటలు. శెట్టి కొడుకు దిలీప్ బెంగుళూరులో చదువుకుని, అక్కడే ఉంటూ మిల్లుకు ఆన్‌లైన్ అమ్మకాలు చూసేవాడు. పేజీ మా చేతిలోనూ, అతని చేతిలోనూ ఉండేది. మర్యాద తెలిసిన మనిషి, చలాకీ అయినవాడు. వీడియో ఎంతమంది చూశారో చూసేవాడు గానీ, వీడియో చూసేవాడు కాదు.

ఆ మిల్లులో మేము మొదటిరోజు కూర్చున్నప్పుడు గుమ్మం పక్కన శెట్టి తల్లి మునెమ్మవ్వ చేటలో నువ్వులు చెరుగుతూ ఉంది. ఒకతను వచ్చి, "అవ్వా, నల్లనువ్వుల నూనె ఉండాదా?" అన్నాడు. "నిండుకున్నాది నాయనా, రేప్పొద్దున రా" అంది అవ్వ. మా ఇంట్లోనూ బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. నాకు అది కొత్త కాదు. మేడమ్ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మా అమ్మ గూడా అంతే అవ్వా. అంగడి మూయమని చెప్పదు. ఉర్దూలో అంగడి పెంచమంటాది. దీపం గూడా ఆర్పమనదు, పెంచమంటాది."

"మీ మాటలో గూడా అట్లనేనా!" అవ్వ చేట పక్కన పెట్టేసింది. "మేము దీపం కొండెక్కింది అంటాము. మనిషికైనా అదే మాట తల్లీ. పెద్దోళ్ళు పోతే, పోయినారని నోటితో అంటామా? ఇంటి దీపం కొండెక్కింది అంటాము. నీ పేరేమన్నావు? నూరమ్మనా?"

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ మాటలు ఇచ్చిపుచ్చుకుంటూ కూర్చున్నారు. చెడ్డ మాట నోట రాకుండా అంగళ్ళలో, ఇళ్ళలో వాడే మాటలన్నీ. నేను నిద్ర ఆపుకుంటూ విన్నాను. ఆ పేజీ అక్కడే పుట్టింది. వారానికి ఒక వీడియో, అవ్వ నోట ఒక పాత మాట. చివర్లో నూనె సీసా ఒక్క క్షణం కనిపిస్తుంది. కొన్ని నెలల్లో అవ్వ మొహం తెలియని ఇల్లు ఈ జిల్లాలో లేకుండా పోయింది. బస్సుల్లో జనం అవ్వలాగా మాట్లాడి నవ్వుకునేవాళ్ళు. పేజీ పైన అవ్వ బొమ్మే, సీసా మీద అవ్వ బొమ్మే. అవ్వ ప్రతి వీడియోకూ ముందు "నూరమ్మ యాడ? నూరమ్మ రానీ, అప్పుడు మాట్లాడతా" అనేది.

తర్వాతి సంవత్సరం అవ్వ ఆరోగ్యం బాగుండక, ఆస్పత్రికి దగ్గరని పూతలపట్టులో చిన్నకొడుకు ఇంటికి వెళ్ళింది. సరిగ్గా ఆ వారమే మిల్లువాళ్ళు తిరుమల కొండమీది దుకాణాలకు మొదటిసారి దీపం నూనె పంపుతున్నారు. మిల్లు పనుల కోసం ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. అందులో శెట్టి, తమ్ముడు, దిలీప్, మేమిద్దరం. ఆ నాలుగైదు రోజులూ అందులో ఒకటే మాట: దీపం కొండకు ఎప్పుడు పోతాది, బండి ఎక్కిందా, చేరిందా.

శుక్రవారం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఫోను తెరిచాను. మొదట కనబడింది మిల్లు పేజీలో పోస్టు. అవ్వ నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో, చుట్టూ రంగుకాగితాలు ఎగురుతున్నాయి. పైన పెద్ద అక్షరాలు: 'మన దీపం కొండెక్కింది! అంతా మీ దీవెన. ఈ సంతోషంలో రెండు సీసాలు కొంటే ఒకటి ఉచితం. ఇవాళ ఒక్కరోజే!' నేను పెట్టలేదు. మేడమ్ అంత పొద్దున్నే ఏమీ పెట్టదు. కింద మొదటి మాట, 'అయ్యో, అవ్వ పోయిందా?' దాని కింద, 'పోతే ఆఫర్ పెడతారా? మనుషులేనా మీరు?' గ్రూపు తెరిచాను. తెల్లవారుజామున శెట్టి తమ్ముడు పెట్టిన ఒక్క వాక్యం: 'మన దీపం కొండెక్కినాది, అన్న ఫోను ఎత్తలేదు, ఎవురన్నా చెప్పండి.'

ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. శుక్రవారం పూట చెడ్డ మాట రాయకూడదని తమ్ముడు పెద్దల మాటే రాశాడు. సరుకు కొండకు చేరిందా అని కాచుకుని కూర్చున్నవాడికి అది సరుకు కబురైంది. ఎవరు చదివారో, ఎవరు పెట్టారో నాకు అప్పుడే తెలిసిపోయింది. సొంత అవ్వ చావుకబురు చదివి, అవ్వ ఫోటో మీద రంగుకాగితాలు చల్లి, సరుకు అమ్మకానికి పెట్టాడు. ఇంత ఘోరం ఎవరూ కావాలని చేయలేరు.

నేను పరుగున ఆఫీసుకు పోయేసరికి మేడమ్ అప్పటికే వచ్చి ఉంది. పోస్టు తీసేసింది. తీసేసి ఏం లాభం, దాన్ని ఫోటో పట్టినవాళ్ళు ఊరంతా పంచుతున్నారు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవ్వ పోయిందన్న దుఃఖం తీరకముందే ఇదొకటి. బల్లమీద ఫోను స్పీకరులో ఉంది. దిలీప్ కారులో వస్తున్నాడు, పలమనేరు దాటాడట. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నేనే పెట్టినా మేడమ్. సరుకు చేరిందనుకున్నా. నాకా మాట తెలీదు. నాయనకు తెలిస్తే నన్ను అవ్వ దగ్గరికి రానీడు మేడమ్. మొహం గూడా సూడనీడు. ఏదో ఒకటి చేయండి."

"నువ్వేం రాయబాకు. ఎవురికీ ఫోను చేయబాకు. నేరుగా అవ్వ దగ్గరికి పో. తక్కినది నేను సూసుకుంటా."

ఫోను పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమె రాసింది నేను వెనక నిలబడి చదివాను. ఆ పోస్టు పూర్తిగా తమ కార్యాలయం పొరపాటు అనీ, ఒక పాత మాటకు అర్థం తెలియక జరిగిందనీ, దానితో కుటుంబానికి ఎలాంటి సంబంధం లేదనీ, ఆ తల్లికీ ఆ ఇంటికీ క్షమాపణ చెప్పుకుంటున్నాననీ. కింద తన పూర్తి పేరు. సాకులు లేవు, అలంకారాలు లేవు. అంత మంచి క్షమాపణ ఉత్తరం నేను ఇంతవరకు చూడలేదు. చదువుతుంటే నాకు మతి పోయింది.

"మనం చేయలేదు కదా మేడమ్!"

"ఆ ఇంట్లో ఒక మనిషి పోయింది. ఇంకొక మనిషి పోగూడదు."

"ఆ మాట మీకు తెలీదంటే ఎవరు నమ్ముతారు? అవ్వ పక్కన కూర్చుని ఆ మాటలన్నీ పోగేసింది మీరు!"

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తలెత్తకుండానే, "కింద నా పేరు ఉండాది గదా. అది చదివినోళ్ళు అందరూ నమ్ముతారు, సూడు" అంది.

ఆ మాట ఆమె కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. కుళాయి తిప్పి నీళ్ళు చూసి చెప్పినట్టే చెప్పింది. అన్నట్టే జరిగింది కూడా. మధ్యాహ్నానికి కుటుంబాన్ని తిట్టేవాళ్ళు ఆగిపోయారు. పేరు చదివిన తర్వాత కొందరికి ఇంకేమీ చదవాల్సిన అవసరం లేకపోయింది. నోటికి రాని మాటలు రాశారు, వాటిని ఇక్కడ తిరిగి రాయను. 'పాపం, ఆమెకు మన మాటలు ఎట్లా తెలుస్తాయిలే' అని జాలిపడినవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది. నేను ఒక్కొక్కరికీ జవాబు రాయబోతే ఆమె నా చేతిలోంచి ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

అవ్వ కర్మ అయిన తర్వాత ఒకరోజు చెంగల్రాయ శెట్టి ఆఫీసుకు వచ్చాడు. గుండు, తెల్ల పంచె. వెనక దిలీప్. కూర్చోమంటే కూర్చోలేదు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మా అమ్మ నిన్ను నూరమ్మా అని నోరారా పిలిచేది. ఆస్పత్రిలో గూడా నూరమ్మ రాలేదా అని అడిగినాది. ఎట్ల సేతులొచ్చినాయమ్మా నీకు?"

మేడమ్ తల దించుకుని నిలబడింది. నేను దిలీప్ వైపు చూశాను. ఇప్పుడు చెప్తాడు, ఈ క్షణం చెప్తాడు అనుకున్నాను. అతను గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు. నా నోరు తెరుచుకోబోతుంటే మేడమ్ బల్ల చాటున నా చెయ్యి పట్టుకుని నొక్కింది. గట్టిగా, ఉంగరం గుచ్చుకునేంత గట్టిగా. "క్షమించండి శెట్టిగారూ" అంది. ఆయన ఇంకేమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొడుకు వెనకాలే వెళ్ళాడు. ఆ గదిలో అంత అన్యాయం జరిగి, ఒక్క గ్లాసు కూడా పగలకపోవడం నాకు నమ్మశక్యంగా లేకపోయింది.

ఆ సాయంత్రం ఆమెతో పోట్లాడాను. కర్మ అయిపోయింది కదా, ఇకనైనా అతన్ని నిజం చెప్పమనండి అన్నాను. "సెప్పాల్సింది వాడు. అడగాల్సింది నేను కాదు" అంది. ఆన్‌లైన్లో దేన్నైనా జనం రెండు వారాల్లో మర్చిపోతారని ఆమె లెక్క. ఎన్నో పేర్ల మీది మచ్చలు తుడిచిన మనిషి, తన పేరు దగ్గర లెక్క తప్పింది. జనం మర్చిపోలేదు, ఆ క్షమాపణే మర్చిపోనివ్వలేదు. అంత బాగా రాసింది కాబట్టి, 'తప్పు జరిగితే ఇలా ఒప్పుకోవాలి' అని మా వృత్తివాళ్ళే దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. పంపుకున్న ప్రతిసారీ కింద ఆమె పేరు.

క్లయింట్లు ఎవరూ గొడవ పెట్టుకోలేదు. "కొన్నాళ్ళు ఆపుదాం మేడమ్" అన్నారు. లాడ్జి యజమాని మాత్రం స్వీటు ప్యాకెట్టు పట్టుకొచ్చి, ఆ మాట చెప్పలేక చెప్పి, ప్యాకెట్టు అక్కడే వదిలి వెళ్ళాడు. ఆఫీసు ఖాళీ చేసి ఆమె చిత్తూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. నేను నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ప్రచార విభాగంలో చేరాను. కొన్నేళ్ళకు మళ్ళీ తిరుపతి వచ్చి సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకున్నాను.

ఈమధ్య ఇక్కడి ఒక కాలేజీవాళ్ళు పబ్లిక్ రిలేషన్స్ ఉద్యోగాల మీద, ఆన్‌లైన్ ప్రచారం మీద విద్యార్థులకు ఒక రోజు సదస్సు పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. వెళ్ళాక తెలిసింది, నాకంటే ముందు మాట్లాడేది దిలీప్ అని. ఇప్పుడు పెద్ద వ్యాపారస్తుడు. కొంచెం లావయ్యాడు, ముందు జుట్టు పలచబడింది. నన్ను గుర్తుపట్టి ఆప్యాయంగా పలకరించాడు. వేదిక ఎక్కి చాలా బాగా మాట్లాడాడు. సగంలో తెరమీద అవ్వ ఫోటో వచ్చింది. హాలంతా "అవ్వా!" అని కేకలు. అప్పుడు అతను గొంతు తగ్గించి ఆ శుక్రవారం కథ చెప్పడం మొదలుపెట్టాడు. తమ ప్రచారం చూసే సంస్థ ఒకటి, భాష తెలియక ఎంత ఘోరమైన పోస్టు పెట్టిందో, అవ్వ శవం దగ్గర కూర్చుని తను ఆ దెబ్బను ఎలా తట్టుకున్నాడో, ఆ సంస్థను బజారుకీడ్చకుండా ఎలా క్షమించాడో. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ముందు వరుసలో అమ్మాయిలు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

టీ విరామంలో వరండాలో అతన్ని పట్టుకున్నాను. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని అన్నాను.

"దిలీప్ గారూ, ఆ పోస్టు పెట్టింది మీరు."

జోకు అనుకుని నవ్వడానికి సిద్ధంగా నా మొహం చూశాడు. "నేనా?"

"కారులోనుంచి ఏడుస్తా మేడమ్‌తో మాట్లాడినారు. స్పీకరులో ఉండింది. నేను పక్కనే ఉన్నాను."

"ఏడ్చినాను, నిజమే. అవ్వ పోయిందని ఏడ్చినాను. పాపం మేడమే చెప్పినారు, తప్పు జరిగిపోయింది, నేను చూసుకుంటాను అని. నాకు బాగా గుర్తుండాది." అని, నా భుజం మీద చెయ్యి వేయబోయి, మర్యాద గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "అప్పుడు మీరు గూడా చాలా కంగారులో ఉన్నారు. మీరేదో పొరబడినారు."

మా వృత్తిలో అబద్ధాలు చెప్పే మొహాలు రోజూ చూస్తాం. చూడగానే పసిగట్టగలను. ఆ మొహంలో అబద్ధం లేదు. వెతికాను, నిజంగా వెతికాను, మచ్చుకైనా లేదు. ఆ మనిషికి గుర్తున్నది అదే. కప్పు కింద పెట్టబోయి టీ కాళ్ళమీద ఒలకబోసుకున్నాను. అతను పరిగెత్తి నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు.

మెట్ల కిందికి వెళ్ళి మేడమ్‌కు ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"నిజంగానే మర్సిపోయినాడా? నటిస్తా ఉన్నాడేమో సూడు."

"లేదు మేడమ్. నిజంగానే."

ఆమె నవ్వింది. పెద్దగా, దగ్గు వచ్చేదాకా నవ్వింది. "అయితే ఇంత బాగా కుదిరిన పని ఇంకొకటి నేను సేయలేదు బేటా. సేసినోడికే తెలీకుండా తుడిసేసినాను" అంది. ఆ నవ్వు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పటికి నన్ను వేదికమీదికి పిలుస్తున్నారు.

ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. రాసుకొచ్చిన కాగితాలు తెరవలేదు. చివర్లో వెనక వరుస నుంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఆ అవ్వ పోస్టు పెట్టినామె ఇప్పుడేం చేస్తున్నారు? అలాంటివాళ్ళకు మళ్ళీ పని దొరుకుతుందా?" అని అడిగింది. దిలీప్ ముందు వరుసలో కూర్చుని నా వైపే చూస్తున్నాడు. చెప్పేయాలనిపించింది. చెప్తే ఎవరు నమ్ముతారు? ఋజువు ఏముంది నా దగ్గర, నా చెవులు తప్ప? "ఆమె నా గురువు. నాకు వచ్చిన పని అంతా ఆమె నేర్పిందే" అన్నాను. కిందికి దిగాక దిలీప్ ఎదురొచ్చి చేతులు జోడించాడు. "తప్పు చేసినవాళ్ళను గూడా ఇంతమందిలో వదులుకోలేదు చూడండి, అదీ గొప్పతనం" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. నేను తిరిగి నమస్కారం పెట్టాను.

ఆ తర్వాత ఒకరోజు చిత్తూరు వెళ్ళాను. మేడమ్ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. కళ్ళద్దాలు ఇంకా ముక్కు చివరే. ఈ కథ రాయాలనుకుంటున్నానని, ఇక నా వల్ల కాదని చెప్పాను. వద్దంటుందనుకున్నాను. "శెట్టి గూడా పోయినాడంట గదా" అంది, కాయ వలుస్తూనే. అవునన్నాను. ఇంకో నాలుగు కాయలు వలిచింది.

"రాసుకో. వాడి పేరు మాత్రం మార్సు. పెండ్లాం పిలకాయలు ఉండారు."

"మార్చేస్తాను. మీ పేరు కూడా మార్చనా మేడమ్?"

ఆమె చేతులు ఆగిపోయాయి. కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది. అన్నేళ్ళలో, ఆ శుక్రవారం గానీ, శెట్టి ఎదుట తల దించుకున్న రోజు గానీ, ఆఫీసు బోర్డు విప్పించిన రోజు గానీ ఆమె నోట ఎప్పుడూ వినని గొంతు అది.

"నా పేరు యాలా మార్సేది? నేనేం తప్పు సేసినాను?"

అందుకే మార్చలేదు.